వాక్యధ్యానం గురించి మీరడిగారు

పోయిన సంచికలో వాక్యధ్యానం మీద, అంటే బైబిల్లోని ఒక మాటని మనసులో ఉంచుకుని నెమ్మదిగా ఆలోచించడం మీద, ప్రశ్నలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ చెప్పాయి: రోజూ చదువుతున్నాం, కానీ మనసులో ఏమీ నిలవడం లేదు. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను, దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలని రోజుకు నాలుగు అధ్యాయాలు పెట్టుకున్నాను. పిల్లల్ని స్కూలుకి పంపి నేను ఆఫీసుకి బయల్దేరేలోపు గబగబా చదివేస్తాను. మధ్యాహ్నానికి ఏం చదివానో ఒక్క ముక్క గుర్తుండదు. ఒకరోజు తప్పితే మర్నాడు ఎనిమిది అధ్యాయాలు. ఇప్పుడు బైబిల్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఇక ధ్యానం ఎక్కడ చేయను?

జవాబు: అమ్మా, ముందు ఆ తప్పిపోయిన అధ్యాయాల లెక్క వదిలేయండి. వాటిని దేవుడు మీ పేరు మీద అప్పుగా రాసుకోలేదు. ప్రొటెస్టెంట్ బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి, అలా చదవడం మంచిదే, ఆదికాండం నుంచి ప్రకటన దాకా మొత్తం కథ ఎలా నడిచిందో తెలుస్తుంది. కానీ అది చదవడం. ధ్యానం వేరే పని. రెండింటినీ ఆ ఇరవై నిమిషాల్లోనే ఇరికించాలని చూస్తున్నారు, అందుకే రెండూ జరగడం లేదు. చదవడాన్ని ఆదివారానికో, బస్సులో ఆడియో వినడానికో మార్చుకోండి. పొద్దున దొరికే ఆ కాస్త సమయంలో చిన్న భాగం ఒక్కటి తీసుకుని వారం మొత్తం దానితోనే ఉండండి. అవును, వారమంతా అదే. మర్నాడు కొత్తది కావాలనే తొందరే చాలామంది ధ్యానాన్ని చెడగొడుతోంది.

ఉదాహరణకి మార్కు సువార్త 4వ అధ్యాయం, 35 నుంచి 41 వరకు తీసుకోండి. ఏడే వచనాలు, తుఫాను ఆపిన సంగతి, సండే స్కూల్ నుంచీ మనందరికీ తెలిసిందే. మొదటి రోజు ఊరికే నెమ్మదిగా, పెదవులు కదిలేలా చదవండి, రెండుసార్లు. ఏమీ తట్టకపోయినా ఫర్వాలేదు, లేచి పనికి వెళ్లిపోండి. రెండో రోజో మూడో రోజో ఇంతకుముందు కంటపడనిది ఒకటి కనిపిస్తుంది. అద్దరికి, అంటే అవతలి ఒడ్డుకి, వెళ్దాం అన్నది యేసే. అంటే శిష్యులు ఆయన మాట వినకపోవడం వల్ల తుఫానులో చిక్కుకోలేదు, విన్నందుకే ఆ నీళ్ల మీద ఉన్నారు. కష్టం రాగానే 'నేనేం తప్పు చేశాను' అని మొదలుపెట్టే మనకి ఈ ఒక్క సంగతి మీదే రెండు రోజులు గడపాల్సినంత ఉంది. ఇంకో రోజు 36వ వచనం చివర 'ఆయనవెంబడి మరికొన్ని దోనెలు వచ్చెను' అన్న మాట దగ్గర ఆగుతారు. ఆ దోనెల్లో ఎవరున్నారో మార్కు చెప్పడు. గాలి అణిగినప్పుడు వాళ్లకీ అణిగింది కదా, వాళ్లు ఆయన్ని లేపనైనా లేపలేదు. మీరు ఇంట్లో ఒంటరిగా చేసే ప్రార్థన వల్ల మీ పక్కవాళ్లకి, ఆయన పేరు కూడా ఎత్తనివాళ్లకి ఏం జరుగుతోందో ఆలోచించండి.

ఇక 38వ వచనం. ఆయన దోనె వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. ఆ తలగడ సంగతి రాసింది మార్కు ఒక్కడే, మత్తయి, లూకా రాయలేదు. శిష్యులు ఆయన్ని లేపి 'నీకు చింతలేదా' అని అడిగారు. ఈ ప్రశ్నని రోజంతా వెంట ఉంచుకోండి. లూకా 10వ అధ్యాయంలో మార్త కూడా సరిగ్గా ఇదే అడుగుతుంది, చెల్లెలు సాయం రాకుండా కూర్చుంటే నీకు చింతలేదా అని. తుఫానులో ఉన్నవాళ్లదీ, ఇంటి పనిలో నలిగిపోతున్న మనిషిదీ ఒకే ప్రశ్న! మీ ఉత్తరంలో మీరు అడగకుండా అడిగింది కూడా అదే అనిపించింది నాకు. దీనికి పేతురు జవాబు తన మొదటి పత్రిక 5:7లో ఉంది: 'ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి.' ఆ రాత్రి ఆ దోనెలో ఉన్నవాళ్లలో ఒకడు పెద్దవాడయ్యాక రాసిన మాట ఇది. ఈ మూడు చోట్లనీ నేనిక్కడ పక్కపక్కన పెట్టేశాను గానీ, పని మధ్యలో మీ అంతట మీకు ఇలాంటిది తడితే దాని లోతే వేరు. దానికోసమే ఒకే భాగం దగ్గర ఇన్ని రోజులు ఉండమనేది.

రోజుకు పది నిమిషాలు చాలు. మిగతా ధ్యానం గిన్నెలు కడుగుతున్నప్పుడో, లిఫ్టు కోసం ఎదురుచూస్తున్నప్పుడో జరుగుతుంది. మొదటి కీర్తన 'దివారాత్రము' ధ్యానించేవాడు ధన్యుడు అంటోంది, అంత సేపు పుస్తకం ముందు కూర్చునేవాళ్లు ఎవరున్నారు చెప్పండి?

ప్రశ్న: కళ్లు మూసుకుంటే చాలు, కట్టాల్సిన ఫీజులు, ఆఫీసులో గొడవ, ఎవరో అన్న మాట, అన్నీ వచ్చేస్తాయి. అయిదు నిమిషాలు కూడా మనసు నిలవదు. నాకు ఆత్మీయత లేదేమో అన్న అనుమానం వస్తోంది.

జవాబు: అలా అనుకోకండి తమ్ముడూ, మనసు తిరగడం ఆత్మీయత లేకపోవడానికి గుర్తు కాదు. ముందైతే కళ్లు మూసుకోవద్దు. కళ్లు తెరిచి, వచనం మీద వేలు పెట్టి, గొంతు కాస్త బయటికి వినిపించేలా చదవండి. మౌనంగా చదివితే కళ్లు మాత్రమే పని చేస్తాయి, మనసుకి ఎటైనా వెళ్లే వీలుంటుంది.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ 1535లో తనకు క్షవరం చేసే పీటర్ అనే స్నేహితుడికి ప్రార్థన ఎలా చేయాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశాడు. మంచి క్షురకుడు చూపునీ మనసునీ కత్తి మీదే ఉంచుతాడు, మాటల్లో పడి దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది అని అతని పనినే అతనికి గుర్తుచేశాడు. అంతటితో వదిలేయకుండా మనసుకి పని కూడా అప్పజెప్పాడు: పది ఆజ్ఞల్లో ఒక్కొక్కదాన్నీ తీసుకుని ఇది నాకేం నేర్పుతోంది, దీనికోసం దేవునికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలి, ఇందులో నేను ఒప్పుకోవాల్సిన పాపం ఏమిటి, ఏం అడగాలి అని చూసుకోమన్నాడు. ఈ నాలుగూ ఏ వచనానికైనా సరిపోతాయి. అయితే నాలుగూ ముగించి తీరాలని పట్టు పట్టకండి. మధ్యలో మంచి ఆలోచన బలంగా వస్తే మిగతావి వదిలేసి దాన్నే వినమని లూథరే అన్నాడు.

ఇంత చేసినా ఆ ఫీజు సంగతి మళ్లీ వస్తుంది. రానివ్వండి. జర్మనీలో డీట్రిష్ బోన్‌హోఫర్ అనే పాస్టర్ 1935 నుంచి 1937లో గెస్టాపో (నాజీల రహస్య పోలీసులు) మూసేసేదాకా, పాస్టర్లకి శిక్షణనిచ్చే ఒక చిన్న సెమినరీ నడిపాడు. అక్కడి విద్యార్థులు రోజూ అరగంట మౌనంగా ఒక చిన్న వాక్యభాగాన్ని ధ్యానించాలి, వారమంతా అదే భాగం. మొదట్లో వాళ్లూ మీలాగే ఇబ్బంది పడ్డారు, ఆ అరగంటలో ఏం చేయాలో తెలియడం లేదన్నారు. మనసు ఎవరి వైపు, ఏ సంగతి వైపు మళ్లీ మళ్లీ వెళ్తోందో ఆ మనిషినీ ఆ సంగతినీ ప్రార్థనలోకి తీసుకుని, నెమ్మదిగా మళ్లీ వాక్యం దగ్గరికి రమ్మన్నాడాయన. ఆఫీసులో మీతో గొడవపడిన ఆ వ్యక్తి పదే పదే గుర్తొస్తుంటే, ఆ ఉదయం మీరు ప్రార్థించాల్సింది బహుశా అతని కోసమే.

ప్రశ్న: ముందు ప్రార్థనా, ముందు వాక్యమా?

జవాబు: వాక్యం. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ ప్రార్థనకు పెట్టింది పేరు, అయినా ఆయన 1841లో రాసుకున్నది చూడండి: ఏళ్ల తరబడి పొద్దున లేవగానే ప్రార్థనతో మొదలుపెట్టేవాడు, చాలాసార్లు మొదటి పావుగంటో అరగంటో మనసు ఎటో తిరిగేది. తర్వాత ముందు వాక్యం తెరిచి ధ్యానించడం మొదలుపెట్టాడు, అందులోంచి ప్రార్థన తనంతట తానే వచ్చేది. ముందు ఒక్క మాట, 'ప్రభువా, అర్థమయ్యేలా చేయి' అని అడిగి వాక్యం తెరవండి, చాలు. పొద్దునా రాత్రా అని కూడా కొందరు అడిగారు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు, 119వ కీర్తన రాసిన భక్తుడు రాత్రిజాముల్లో ధ్యానించాడు. మీ మెదడు మెలకువగా ఉండే వేళ ఏదో మీకే తెలుసు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ చదువుతున్నాను. ధ్యానం గురించి మాట్లాడితే మా సంఘంలో ఒక పెద్దాయన అది మన పద్ధతి కాదు, మనసు ఖాళీ చేసుకుని కూర్చోవడం ప్రమాదం అన్నారు. ఇంకో స్నేహితుడేమో సువార్తలోని సంఘటనలో నువ్వూ ఉన్నట్టు ఊహించుకో అంటాడు. ఏది సరైనది?

జవాబు: పెద్దాయన భయం అర్థం చేసుకోదగ్గదే, తమ్ముడూ, ఆయనతో వాదించకు. కానీ వాక్యధ్యానంలో మనసు ఖాళీ చేయడం లేదు. దేవుడు పలికిన ఒక మాటతో నింపుకుని, దాని అర్థం ఏమిటి, అది నన్నేం అడుగుతోంది అని బుద్ధితో పట్టుకుని ఉండటమే ధ్యానం. యెహోషువకి దేవుడే ధర్మశాస్త్రాన్ని 'దివారాత్రము' ధ్యానించమని చెప్పాడు, అది కూడా ఎందుకని? అందులో రాసినట్టు జాగ్రత్తగా చేయడానికి. గొర్రెల కాపరులు వచ్చి వెళ్లాక మరియ ఆ మాటలన్నీ హృదయంలో తలపోసుకుంటూ భద్రం చేసుకుందని లూకా 2:19 చెబుతుంది. బెనెడిక్ట్ అనే సన్యాసి ఆరో శతాబ్దంలో తన మఠాల నియమావళిలో ఇలాంటి పఠనానికి రోజూ వేళలు కేటాయించాడు. 12వ శతాబ్దంలో రెండో గిగో అనే సన్యాసి దీన్ని చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరకుండటం అని నాలుగు మెట్లుగా చెప్పాడు. లూథర్ సంగతి పైన చెప్పాను. సంఘ చరిత్రలో ఇది కొత్తదీ కాదు, బయటినుంచి వచ్చిందీ కాదు.

ఊహించుకోవడం ఇగ్నేషియస్ లొయోలా అనే కాథలిక్ గురువు నేర్పిన పద్ధతి, ఆయన ఆత్మీయ సాధనల పుస్తకం 1548లో అచ్చయింది. చేయవచ్చు. మార్కు 10లో గుడ్డివాడైన బర్తిమయి త్రోవ పక్కన కూర్చున్నాడు, జనం ఊరుకోమని గద్దిస్తున్నారు, యేసు నిలబడ్డాడు, గుడ్డివాడు పైబట్ట పారేసి లేచాడు. ఇవన్నీ వాక్యమే ఇచ్చింది, కాబట్టి చూడు, విను. 'నేను నీకేమి చేయగోరుచున్నావు' అని ఆయన అడిగినప్పుడు ఆ ప్రశ్న నీకే వేసినట్టు నిలబడు, జవాబు చెప్పు. అక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత యేసు నాతో ఫలానా అమ్మాయిని చేసుకోమన్నాడు, ఫలానా కోర్సులో చేరమన్నాడు అని నీ ఊహ చెప్పడం మొదలుపెడితే, అది నీ కోరిక మాట్లాడటం. దాన్ని ఆయన నోట పెట్టొద్దు. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో పోల్చి చూశారు, మన ఊహల్ని మరింత గట్టిగా చూసుకోవాలి.

ప్రశ్న: ఇంటర్వ్యూ రోజు పొద్దున ఫోన్‌లో వచ్చిన వాగ్దానం యిర్మీయా 29:11. దేవుడే మాట్లాడాడని ఏడ్చాను, ఇంట్లో అందరికీ చెప్పాను, సాక్ష్యం కూడా సిద్ధం చేసుకున్నాను. ఉద్యోగం రాలేదు. అప్పటినుంచి ఏ వాగ్దానం చదివినా నమ్మబుద్ధి కావడం లేదు. దేవుడు నన్ను మోసం చేశాడా?

జవాబు: లేదమ్మా. దేవుడు మీకు ఆ ఉద్యోగం ఇస్తానని ఎక్కడా చెప్పలేదు. మీరు అంతగా నమ్మి, నలుగురికీ చెప్పి, తర్వాత వాళ్ల ముందు తల దించుకోవాల్సి రావడం ఎంత నొప్పో నాకు అర్థమవుతోంది. మిమ్మల్ని మోసం చేసింది ఒక అలవాటు, సందర్భం నుంచి వచనాన్ని కత్తిరించి, బొమ్మ మీద అతికించి, ఆ రోజు మనకు కావలసినదానికి హామీగా పంచుకునే అలవాటు. దీన్ని సంఘాల్లో గట్టిగా ప్రశ్నించాలి, ఎందుకంటే మీలాంటివాళ్ల విశ్వాసం దీనివల్లే గాయపడుతోంది.

ఆ అధ్యాయం మొత్తం తెరవండి. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన ప్రజలకి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. త్వరలోనే ఇంటికి వెళ్లిపోతాం అని చెప్పే ప్రవక్తలు వాళ్ల మధ్యే ఉన్నారు, వాళ్ల మాట నమ్మొద్దని 8, 9 వచనాలు హెచ్చరిస్తాయి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటాడు. పదో వచనంలో గడువు 70 ఏళ్లు. అది విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లే రోజు చూడరు. ఆ మాట తర్వాతే వస్తుంది మీకు ఫోన్‌లో వచ్చిన వచనం, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అని.

ఇప్పుడు దీన్ని ధ్యానించండి, ఈ వారమే, గాయం పచ్చిగా ఉన్నప్పుడే. కోరుకోని చోట ఇల్లు కట్టుకోమని చెప్పే దేవుడు ఆ చోటుకి నన్ను వదిలేసిపోయాడా, నాతో పాటు అక్కడికి వచ్చాడా? ఉద్యోగం రాని ఈ నెలల్లో నేను నాటాల్సిన తోట ఏది? 12, 13 వచనాల్లో పిలిస్తే వింటాను, పూర్ణమనసుతో వెదికితే దొరుకుతాను అంటున్నాడు, ఉద్యోగం కన్నా ముందు ఆయన్నే అడగడం ఎలా ఉంటుంది? మీ కోపం కూడా ఆయనకి చెప్పండి. యిర్మీయా కంటే కటువుగా దేవునితో మాట్లాడినవాళ్లు బైబిల్లో కొద్దిమందే, 20వ అధ్యాయం చూడండి. ఇకమీదట ఫోన్‌లో వచనం వస్తే పంపినవాళ్లకి వందనాలు చెప్పి, బైబిల్ తెరిచి దాని ముందు పదీ వెనక పదీ వచనాలు చదివాకే మనసులోకి తీసుకోండి.

ప్రశ్న: అమ్మ పోయి నాలుగు నెలలైంది. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, లోపలికి ఏదీ పోదు. స్తుతి కీర్తనలు చదువుతుంటే కోపం వస్తోంది. ధ్యానం మానేశాను. అపరాధ భావం వెంటాడుతోంది.

జవాబు: అక్కా, మిమ్మల్ని స్తుతి కీర్తనలు చదవమని ఎవరూ బలవంతపెట్టడం లేదు. 88వ కీర్తన తీయండి. మొదట్లో దేవుణ్ణి రక్షణకర్త అని పిలవడం తప్ప చివరిదాకా దాదాపు అంతా చీకటే, చివరి వచనం కూడా చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒకటి తెచ్చి చివర అతికించలేదు. అయినా అది దేవునితో మాట్లాడటమే, అందుకే బైబిల్లో ఉంది. అది చదవడానికి కూడా శక్తి లేకపోతే 13వ కీర్తన మొదటి రెండు వచనాలు చాలు, 'ఎంతవరకు' అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. మీరూ అడగండి. ఆ ఒక్క మాటే ఒక నెలంతా మీ ధ్యానం కావచ్చు. 77వ కీర్తనలో, దాన్ని రాసిన ఆసాపుకి నిద్ర పట్టదు, నోట మాట రాదు, దేవుడు కనికరించడం మరిచిపోయాడా అని అడుగుతాడు, ఆ తర్వాతే పూర్వం దేవుడు చేసినవి ఒక్కొక్కటి గుర్తుచేసుకోవడం మొదలుపెడతాడు. మొదటి సగంలో ఉన్నవాళ్లని లాక్కెళ్లి రెండో సగంలో కూర్చోబెట్టడం సరికాదు, మీ చుట్టూ ఉన్నవాళ్లు అలా చేస్తుంటే ఈ జవాబు వాళ్లకి చూపించండి.

ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండు అనుకుని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు, తిను అన్నాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం వినిపించడం ఆ తర్వాత సంగతి. మీరు సరిగ్గా తింటున్నారా, పడుకుంటున్నారా? వారాల తరబడి నిద్ర లేకపోతే, బతకాలని లేదనే ఆలోచనలు వస్తుంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దగ్గరివాళ్లకి చెప్పండి. అది అవిశ్వాసం కానే కాదు. ఈలోగా మీకు చదవడం రాకపోతే నమ్మకమైన స్నేహితురాలిని రోజూ ఒక కీర్తన మీకు చదివి వినిపించమనండి. ఆమె చదువుతుంది, మీరు వింటూ కూర్చుంటారు. అపరాధ భావం అక్కర్లేదు.

ప్రశ్న: ధ్యానించినవి నోట్సు రాయాలా?

జవాబు: రాయడం ఇష్టమైతే ఒక్క వాక్యం రాయండి. పేజీలు నింపడం మొదలుపెడితే ఎవరికో చెప్పడానికి తయారవుతున్నట్టు అయిపోతుంది.

ప్రశ్న: పొద్దున ఎంతో ప్రశాంతంగా ధ్యానం చేసుకుంటాను. తొమ్మిదయ్యేసరికి పిల్లల మీద అరుస్తాను. 'ఇంత బైబిల్ చదివి ఇదేనా' అని మా ఆవిడ అడిగితే జవాబు ఉండదు. వాక్యం ఆ సమయానికి ఎందుకు గుర్తుకు రాదు?

జవాబు: ఎందుకంటే పొద్దున వాక్యాన్ని ఆ తొమ్మిది గంటల దగ్గరికి మీరు తీసుకెళ్లలేదు, అన్నా. ధ్యానం చివరి రెండు నిమిషాలు దీనికే పెట్టండి: ఈ మాట ఈరోజు నాకు ఏ గదిలో, ఏ గంటకి, ఎవరి ముందు కావాల్సి వస్తుంది? యాకోబు 1:19 తీసుకున్నారనుకోండి, వినడానికి వేగిరపడాలి, మాట్లాడటానికీ కోపించడానికీ నిదానించాలి అంటుంది. దాన్ని ప్రశాంతంగా కూర్చుని మెచ్చుకోవడం తేలిక. బూట్లు దొరకడం లేదని చిన్నవాడు ఏడుస్తాడు, బస్సు టైమవుతుంది, అక్కడే నాకు అరుపు వస్తుంది, ప్రభువా అప్పుడు నేను ముందు వాడు చెప్పేది వింటాను అని ఆ దృశ్యాన్ని ఉన్నదున్నట్టు ఆయన ముందు పెట్టండి. వినువారు మాత్రమే అయి ఉండి మిమ్మల్ని మీరు మోసపుచ్చుకోవద్దని అదే అధ్యాయం 22వ వచనం చెబుతోంది, అంటే ధ్యానం మోసంగా మారే ప్రమాదం చదివేవాళ్లకే ఉంది. మీ ఆవిడ అడిగిన ప్రశ్నని ఎత్తిపొడుపుగా తీసుకోకండి, ఆమెను మీతో కూర్చోమనండి, వారానికి ఒక్కసారైనా ఆ భాగాన్ని ఇద్దరూ కలిసి చదవండి, ఈ వారం ఇది ఇంట్లో ఎక్కడ కనిపించింది, ఎక్కడ కనిపించలేదు అని ఆమెనే చెప్పనివ్వండి.

ఇంత చేసినా ఒకరోజు అరిచేస్తారు. ఆ సాయంత్రం బైబిల్ తెరిచే ముందు పిల్లవాడి దగ్గరికి వెళ్లి, పొద్దున అరిచాను, తప్పు నాదే, క్షమించు అని వాడి పేరు పెట్టి అడగండి. తర్వాతి రోజు కూడా యాకోబు 1:19నే చదవండి, అప్పుడే కొత్త భాగానికి వెళ్లకండి.